ఊరు మనది, ఉత్తర్వు మద్రాసుది

షోలాపూర్‌లో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా మనందరికీ తెలిసిన బాధ ఒకటుంది. మగ్గం మన ఇంట్లోనే ఉంటుంది. నూలు ధర, పన్ను, ఉత్తర్వు మాత్రం ఎక్కడో దూరపు పట్నంలో తయారవుతాయి. యానాంలో కాగితం కదలాలంటే నేటికీ పుదుచ్చేరి వైపు చూడాల్సిందే. ఇది కొత్త బాధ కాదు. నూరేళ్ల కిందట చీరాల-పేరాల జనం దీన్ని ఎలా ఎదుర్కొన్నారో మన పిల్లలకు చెప్పుకోవాలి.

చీరాల, పేరాల అప్పటి గుంటూరు జిల్లాలో పక్కపక్క ఊళ్లు. రెండిట్లో కలిపి పదిహేను వేల పైచిలుకు జనం. అందులో నేతవాళ్లు చాలామంది. యూనియన్‌గా ఉన్నన్నాళ్లు ఏడాదికి సుమారు 4,000 రూపాయల పన్నుతో సరిపోయేది. 1919-20లో మద్రాసు ప్రభుత్వం రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్ను ముప్పై నలభై వేలకు ఎగబాకే పరిస్థితి వచ్చింది. ఊరికి మంచినీళ్లు, పారిశుధ్యం కావాలని పట్నం వాదన. అది పూర్తిగా తప్పని మనమూ అనలేం. కానీ మోసేవాణ్ణి అడక్కుండానే బరువు నెత్తికెత్తారు. అర్జీలు పెట్టారు, ఫలితం లేదు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే జీతం ఇచ్చే ఛైర్మన్‌ను పెట్టి నడిపించారు. పన్ను కట్టనన్నవాళ్లు జైలుకెళ్లారు, అందులో ఒక స్త్రీ కూడా ఉంది.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చారు. పన్నులు కట్టకుండా నిలబడడమో, ఊరు ఖాళీ చేసి పోవడమో, ఏదైనా సొంత బలం మీదే చేయండన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం రెండో దారి పట్టారు. మునిసిపాలిటీ హద్దు దాటి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. పదమూడు వేలమందికి పైగా కదిలారు. గుంట మగ్గం మూటగట్టి తీసుకుపోయేది కాదు. నేతవాడు ఇల్లు వదిలాడంటే పనినీ వదిలినట్టే. అలా పదకొండు నెలలు ఎండకు, వానకు ఓర్చుకున్నారు.

ఈలోగా దుగ్గిరాల వారిని బరంపురంలో అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు దూరమయ్యాడు, చేతిలో డబ్బు అయిపోయింది. జనం ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ నిలిచిపోయింది.

మరి ఓడిపోయినట్టేనా? పన్ను విషయంలో అవును. కానీ మమ్మల్ని అడక్కుండా మా ఊరి సంగతి తేల్చొద్దని చెప్పడానికి మామూలు జనం ఇళ్లే వదిలారన్నది చరిత్రలో నిలిచింది.

ఈ వార్షికోత్సవాన ఆ మాట మనకూ వర్తిస్తుంది. మన సమాఖ్య ఆఫీసు కూడా పట్నంలోనే ఉంది. దూరపు శాఖలోని ఒక్క మగ్గం ఇంటిని అడక్కుండా తీర్మానం చేస్తే, ఆ ఇంటికి మనమే మద్రాసు అవుతాం.