శాఖల పుటలు, వ్యక్తుల పుటలు

పెద్ద సంస్థల వాకిట సాధారణముగా ఒక పలక కనబడును. ఏ శాఖ ఏ అంతస్తున నున్నదో, ఏ అధికారి ఏ గదిలో కూర్చుండునో అందు వ్రాసియుండును. వ్రాసిన నాడు అది సత్యమే. కొన్నాళ్లు గడచునప్పటికి అందు సగము అసత్యమగును. నేడు ఆ పలక వెబ్‌సైటు రూపము ధరించినది గాని దాని వ్యాధి మాత్రము కుదురలేదు. వెబ్ పుట్టినింటనే ఈ వ్యాధిని గూర్చి జరిగిన ఆలోచనను నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఆ పుట్టినిల్లు జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధన సంస్థ. 1954లో వెలసిన ఈ సంస్థలో స్థిరముగా ఉండువారి కంటె వచ్చిపోవువారే అధికులు. దేశదేశముల విశ్వవిద్యాలయముల నుండి ప్రయోగములకై వచ్చు శాస్త్రజ్ఞులను అచ్చట ‘యూజర్లు’ అనియే పిలుతురు. 1980లో టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్ల యువకుడు కొద్ది మాసముల పనిమీద అచ్చటికి వచ్చెను. ఎవరు ఏ పనిలో నున్నారో, ఏ ప్రోగ్రాము ఏ యంత్రమున నడచుచున్నదో జ్ఞాపకముంచుకొనుటకు ఆయన తనకొరకు ‘ఎంక్వయిర్’ అను ప్రోగ్రామును వ్రాసికొనెను. పోవునప్పుడు డిస్కును అచ్చటివారికి అప్పగించెను. తరువాత ఆ డిస్కు కనబడకుండ పోయినది. జ్ఞాపకమునకై చేసిన వస్తువునే సంస్థ పోగొట్టుకొన్నది!

మరల సెర్న్‌లో చేరిన బెర్నర్స్-లీ 1989 మార్చిలో తన పై అధికారి మైక్ సెండాల్‌కు ఒక ప్రతిపాదన సమర్పించెను. మనుషులు రెండేండ్లకొకసారి మారుచుండగా వారితోపాటు వారి ఎరుకయు గడప దాటిపోవుచున్నదని అందలి ప్రధానమైన మొర. ఉన్న సమాచారమునైనను శాఖోపశాఖలుగా, చెట్టువలె అమర్చుట వలన కార్యము నెరవేరదని ఆయన వాదించెను. ఈ మాట కొంత వివరింపవలసియున్నది. చెట్టున ఒక ఆకు ఒకే కొమ్మకు చెందును. మనిషి అట్లు కాదు. ఒక ఇంజనీరు జీతము పుచ్చుకొనునది ఒక శాఖలో, పనిచేయునది వేరొక ప్రయోగమున, సలహా చెప్పునది మూడవ సంఘమున. కోడలిని పుట్టినింటివారు ఒక పేరున, మెట్టినింటివారు ఒక వరుసన పిలుతురు. ఆమె మాత్రము ఒక్కతెయే. అట్టివారి పుటను ఏ కొమ్మకు కట్టవలెను? ఏ కొమ్మకును కట్టనక్కరలేదు, పుటకు పుటకు నడుమ దారములు వేసిన చాలునని బెర్నర్స్-లీ సమాధానము. కాగితముపై సంస్థ చెట్టువలె ఉన్నను, పనిలో అది సాలెగూడువలె ఉండునని ఆయన గ్రహించెను. సెండాల్ ఆ పత్రముపై, అస్పష్టమే గాని ఉత్సాహము గొలుపుచున్నదని వ్రాసెను.

ఆ వాదమునకు సాక్ష్యము ఆ పత్రముల మీదనే కలదు. 1989 ప్రతిపాదనలో ఆయన శాఖ ‘డి.డి.’ అని యున్నది. 1990 నవంబరులో రాబర్ట్ కైయోతో కలసి వ్రాసిన రెండవ ప్రతిపాదనలో ఆయన పేరు ప్రక్కన ‘సి.ఎన్.’ అని యున్నది. రెండేండ్లైనను నిండకముందే శాఖ పేరు మారినది!

ఇంత గంభీరమైన ఆలోచన సామాన్యులకు చేరినది టెలిఫోను డైరెక్టరీ ద్వారా. సెర్న్ ఫోను నంబర్లు పెద్ద కంప్యూటరులో ఉండెడివి. 1991లో వానిని వెబ్ ద్వారా చూచుట సాధ్యమయ్యెను. సిద్ధాంతము నమ్మనివారు సయితము నంబరు కొరకు వచ్చిరి.

ఇక వ్యక్తుల పుటల సంగతి. విశ్వవిద్యాలయముల వెబ్ చిరునామాలలో పేరుకు ముందు అలవంటి గీత ఒకటి శ్రోతలలో కొందరైనను చూచియుందురు. యూనిక్స్ యంత్రములలో అది వాడుకదారు ఇంటికి గుర్తు. 1970ల నాటి ఒక టెర్మినలులో ‘హోమ్’ అను మాటయు ఈ గీతయు ఒకే మీటపై నుండుటయే దీనికి కారణము. ఆ ఇంటిలో ఎవరికి వారు స్వేచ్ఛగా వ్రాసికొనవచ్చును. శాఖ పుటలో అధికారి ఛాయాచిత్రము దొరకును. పనికివచ్చు పాఠము ఏ అధ్యాపకుని సొంత పుటలోనో దొరకును. ఇది మా అనుభవము. అయితే ఆ అధ్యాపకుడు సంస్థను విడచి, ఆయన ఖాతా మూతపడిన నాడు పాఠమును ఆయనతోనే పోవును.

మేము పూర్వము పనిచేసిన ఒకచోట ధ్వనిముద్రణలను నిర్మాతల పేర్ల వరుసన బీరువాలో అమర్చిరి. నిర్మాత ఉన్నంతకాలము అది సులభమే. ఆయన పదవీ విరమణ చేసిన పిదప, హరికథ కావలెనన్నచో ముందు ఆయనకు ఉత్తరము వ్రాయవలసివచ్చెడిది. ఒక హరికథ నేటికిని దొరకలేదు.

1998లో బెర్నర్స్-లీ ఈ విషయముననే ఒక చిన్న వ్యాసము వ్రాసెను. చిరునామాలో వ్రాసినవారి పేరు, విషయము పేరు, ఫైలు రకము తెలుపు తోక, ఇవన్నియు మారునవే గనుక పెట్టవద్దని హెచ్చరించెను. శాఖ పేరు మారినంతనే చిరునామా మార్చుటను మించిన అశ్రద్ధ లేదని మా అభిప్రాయము; ఇతరులు తమ గ్రంథములలో ఇచ్చిన దారులన్నియు ఒక్క దినమున గోడలగును.

2013 ఏప్రిల్ 30న సెర్న్ ప్రపంచపు మొదటి వెబ్‌సైటును దాని పాత చిరునామాలోనే మరల నిలిపెను. నాటికి చేజిక్కిన ప్రతి 1992 నాటిది.  ఆ చిరునామాలో శాఖ పేరు లేదు, వ్యక్తి పేరును లేదు. తరువాతి కాలమున ఆయన కూడదన్న ఫైలు తోక మాత్రము దాని చివర నేటికిని వ్రేలాడుచున్నది.