మనము – మేము: కల్పిత భాషలు నేర్పిన పాఠము

నేను, నీవు, అతడు అను మాటలను మన భాషలో ఎవరు పుట్టించిరో ఎవరును చెప్పజాలరు. కాని ఒకే మనుష్యుడు కూర్చుండి కల్పించిన భాషలు కొన్ని కలవు. వానిలో సర్వనామములు ఎన్ని యుండవలెనో ఆ కర్తయే నిర్ణయించెను. అతడు ఉంచినదేది, విడిచినదేది యని పరిశీలించినచో మన మాటల విలువ మనకు తెలియవచ్చును.

1879-80 సంవత్సరములలో ష్లేయర్ అను జర్మను మతాచార్యుడు 'వోలపూక్' అను భాషను కల్పించెను. అందు 'ఓబ్' అనగా నేను, 'ఓల్' నీవు, 'ఓమ్' అతడు, 'ఓఫ్' ఆమె. చివర 'స్' చేర్చిన బహువచనము: 'ఓబ్స్' మేము, 'ఓల్స్' మీరు. ఈ సర్వనామములే క్రియ చివర అంటుకొనును. 'వచ్చితిని, వచ్చితివి' అనునపుడు మన క్రియ చివర పురుషభేదము తెలియుట యిట్టిదే గదా!

తరువాత వచ్చిన 'ఎస్పెరాంతో' ఇంతకంటె చిరకాలము నిలిచినది. దాని కర్త జామెన్‌హోఫ్ 1859లో, నాడు రష్యా సామ్రాజ్యములో నుండిన బియలిస్తోక్ పట్టణమున యూదుల యింట జన్మించెను. ఆ యూర రష్యనులు, పోలులు, జర్మనులు, యూదులు ఎవరి భాష వారు మాటలాడుచు, ఒకరినొకరు అనుమానించుచు నుండిరి. ఇంట నొక భాష, అంగడిలో నొక భాషగా బ్రదుకు మన కుటుంబములకు ఆ బాలుని మనస్సు తెలియకపోదు. అందరకును రెండవ భాషగా నుండుటకై 1887లో వార్సాలో అతడొక చిన్న పుస్తకమును ప్రకటించెను. అందలి వ్యాకరణము 16 సూత్రములు మాత్రమే.

సర్వనామములకు ఒక్క సూత్రమే చాలినది. 'మి' నేను, 'వి' నీవు లేక మీరు, 'లి' అతడు, 'షి' ఆమె, 'జి' అది, 'ని' మేము, 'ఇలి' వారు. 'అ' చేర్చిన 'మియ' నాది యగును. 'న్' చేర్చిన 'మిన్' నన్ను అగును. మన 'తాను' వంటి 'సి' యు కలదు. 'తన పుస్తకము', 'అతని పుస్తకము' అను భేదము తెలుగున నెట్లో అచ్చటను అట్లే 'సియ', 'లియ' అను మాటలచే తెలియును.

గౌరవభేదమును మాత్రము అతడు పాటింపలేదు. ఏకవచనమునకు 'త్సి' అను మాట 1905 నాటి మూలగ్రంథమున కనబడినను, దానికి బదులు సాధారణముగా 'వి' వాడుదురని అచ్చటనే వ్రాయబడెను. సేవకునకును ప్రభువునకును ఒకటే మాట! 1907లో ఆ భాషను సంస్కరించి 'ఇదో' అను భాషను చేసినవారు చనువునకు 'తు', మర్యాదకు 'వు', పలువురకు 'వి' అని మరల వేరుచేసిరి. నీవు, మీరు, తమరు అను మెట్లు గల మనకు ఇది వింత గాదు.

అయినను ఎస్పెరాంతోలో ఒక లోటు కలదు. మనము, మేము రెంటికిని 'ని' యొక్కటే. కర్త యెరిగిన రష్యను, పోలిషు, జర్మను, యిద్దిషు భాషలలో ఈ భేదము లేదు. లేనిదాని కొరత అతనికి తోచలేదు. తెలుగునకు, తమిళమునకు, మరాఠీకి ఇది కలదు. నేటి కన్నడమున 'నావు' ఒక్కటే.

కన్నడ సీమలో తరతరములుగా నున్న మా యింట ఒకనాడు మనుమడు పుస్తకముల సంచి తగిలించుకొని, "అవ్వా, మనము బడికి పోయి వచ్చెదము" అనెను. "ఈ వయస్సున నేనెందుకురా బడికి?" అని యామె నవ్వినది. మేమందరమును నవ్వితిమి. పిమ్మట నాకు దిగులు కలిగెను. మన క్రియ చివర రెంటికిని 'ము' యే వచ్చును గనుక భేదమంతయు ఆ యొక్క సర్వనామమునందే నిలిచియున్నది. అది జారిన, అవ్వ ఆ మాటలో చేరినదో లేదో తెలుపుటకు వేరు గుర్తు లేదు.

కల్పిత భాషలో ఒక మాట లేకుండుటకు కర్త యొకడు కలడు. ఇంటి భాషలో మాట పోవుటకు ఎవరి యాజ్ఞయు అక్కరలేదు. పిల్లవాడు తప్పు పలికినపుడు పెద్దలు ఊరకుండిన చాలును.

మనవంటివారికి ఆ రెండు మాటలును కావలెను. 'మేము తెలుగువారము' అని పొరుగువారితో చెప్పుటకు ఒకటి. 'మనము ఈ యూరివారము' అని వారితోనే చెప్పుటకు మరియొకటి. పొరుగువానిని తనలో కలుపుకొను మాటకై జామెన్‌హోఫ్ ఒక భాషనే కల్పింపవలసి వచ్చెను. మనకది తల్లి యొడిలోనే దొరికినది. పిల్లలకు దానిని అందించుట మన పని.