గ్రేట్ నికోబార్: ప్లాన్ ముందా, ప్రజాభిప్రాయం ముందా?

గ్రేట్ నికోబార్ మీద ప్రశ్న వస్తే మనలో ఎక్కువమంది జవాబు ఒకే మూసలో ఉంటుంది. మొదటి పేరాలో మలక్కా జలసంధి, రెండో దాంట్లో లెదర్‌బ్యాక్ తాబేళ్లు, మూడో దాంట్లో షోంపెన్ తెగ, చివర్లో సుస్థిరాభివృద్ధి. తప్పేమీ లేదు, మార్కులు కూడా వస్తాయి. కానీ ఈ అంశాన్ని జిఎస్-3 నోట్స్‌లోంచి తీసి ఒక్కసారి చరిత్రగా చదవండి. ఈ ద్వీపాల భవిష్యత్తు గురించి అక్కడివాళ్లను ఎవరు అడిగారు, ఏ దశలో అడిగారు, అసలు "అక్కడివాళ్లు" అంటే ఎవరు? ఈ వ్యాసం దాని గురించే.

ముందు కొంచెం నేపథ్యం. 1858లో బ్రిటిష్ వాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీవిజయపురం) ఖైదీల స్థావరం పెట్టారు. నికోబార్ దీవులు డెన్మార్క్ చేతిలోంచి 1869లో వాళ్ల చేతికి వచ్చాయి. ఈ భాగం ప్రిలిమ్స్‌కు చాలు, ఇక్కడ ఆగక్కర్లేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఢిల్లీ నుంచి చూసినవాళ్లకు ఈ దీవులు ఖాళీ భూమిలా కనిపించాయి. 1949లో తూర్పు బెంగాల్ శరణార్థులను తెచ్చి స్థిరపరచడం మొదలైంది. మొదటి పంచవర్ష ప్రణాళిక కాలంలో అదే పని కాలనైజేషన్ స్కీమ్ పేరుతో పెద్దదైంది. ఆ పేరును గమనించండి. వలస పాలన పోయింది గానీ, మాట పోలేదు. అయితే 1956లో ఇంకో పని కూడా జరిగింది. ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ వచ్చింది. తెగలు ఉండే ప్రాంతాలను రిజర్వ్‌లుగా ప్రకటించి, బయటివాళ్లు అడుగుపెట్టడాన్ని, భూమి కొనడాన్ని ఆపింది. ఒకే రాజ్యం ఒక చేత్తో జనాన్ని తెస్తూ, ఇంకో చేత్తో కంచె వేస్తూ వచ్చింది. ఈ రెండు పనులూ పైనుంచే జరిగాయి. రక్షణ విషయంలో కూడా రక్షణ పొందేవాళ్లను ఎవరూ అడగలేదు.

1960ల మధ్యలో పునరావాస మంత్రిత్వ శాఖ వివిధ శాఖల అధికారులతో ఒక బృందాన్ని వేసి, దీవుల వేగవంతమైన అభివృద్ధికి నివేదిక తయారు చేయించింది. చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం అప్పుడే అయిపోయాయి. దక్షిణ కొసన మనవాళ్లు ఉండాలన్న ఆలోచన బలపడింది. 1969 నుంచి పంజాబ్ సహా పలు రాష్ట్రాల మాజీ సైనికుల కుటుంబాలు, దాదాపు 330, గ్రేట్ నికోబార్ తూర్పు తీరానికి వచ్చాయి. అడవి కొట్టి భూమి ఇచ్చారు. కాంప్‌బెల్ బే నుంచి ద్వీపం మధ్యగా పడమర వైపుకు రోడ్డు వేశారు. ఆ రోడ్డు షోంపెన్లు తిరిగే అడవి మీదుగా పోయింది.

ఆ మాజీ సైనికుల కుటుంబాలు ఒక ప్లాన్ ప్రకారం వచ్చినవి, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. యాభై ఏళ్ల తర్వాత ఇంకో ప్లాన్ మీద అభిప్రాయం అడిగినప్పుడు "స్థానిక ప్రజలు"గా హాల్లో కూర్చున్నవాళ్లలో ఆ కుటుంబాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. మూడు తరాలుగా అక్కడే ఉన్నారు, వాళ్ల భూమీ ప్రాజెక్టులో పోతుంది, నష్టపరిహారం గురించి వాళ్ల ఆందోళన నిజమైనది. కానీ ఆ హాల్లో షోంపెన్లు లేరు. 2011 జనాభా లెక్కల్లో వాళ్ల సంఖ్య 229. సంచార జీవనం, వేట, అడవి దుంపలు, బయటివాళ్లతో చాలా తక్కువ సంబంధం. మైకు ముందు నిలబడి మూడు నిమిషాలు మాట్లాడమని వాళ్లను ఎలా పిలుస్తారు? వాళ్ల బాగోగులు చూసేది 1976లో పెట్టిన ఆదిమ జనజాతి వికాస్ సమితి. అది ప్రభుత్వ సంస్థే, ప్రాజెక్టూ ప్రభుత్వానిదే.

ఈ మధ్యలో 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ప్రధాని అధ్యక్షతన ఐలాండ్ డెవలప్‌మెంట్ అథారిటీని పెట్టింది. 2017లో హోంమంత్రి అధ్యక్షతన ఐలాండ్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ వచ్చింది, దాని పనిని నీతి ఆయోగ్ నడిపించింది. శాసనసభ లేని, ఒక్క లోక్‌సభ సభ్యుడున్న కేంద్రపాలిత ప్రాంతంలో దీర్ఘకాలిక ప్రణాళిక ఎక్కడ తయారవుతుందో ఈ రెండు సంస్థల అధ్యక్ష స్థానాలే చెబుతాయి.

2004 డిసెంబర్ 26 నాటి సునామీ దీన్నంతా తలకిందులు చేసింది. ఇందిరా పాయింట్ దగ్గర నేల కుంగి, లైట్‌హౌస్ పునాది నీళ్లలోకి పోయింది. తీరంలో ఉన్న నికోబారీల ఊళ్లు కొట్టుకుపోయాయి. బతికినవాళ్లను కాంప్‌బెల్ బే దగ్గర రాజీవ్‌నగర్, న్యూ చింగెన్ శిబిరాలకు చేర్చారు. తాత్కాలికం అనుకున్నది శాశ్వతమైపోయింది. కొబ్బరితోటలు, పందులు, సముద్రం చుట్టూ తిరిగే జీవితం నుంచి వాళ్లు కూలి పనుల్లోకి వచ్చారు. పాత ఊళ్లకు తిరిగి పోనివ్వమని అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఈ పాత కోరిక తెలియకపోతే 2022లో జరిగింది అర్థం కాదు.

ఇప్పుడు తేదీలను వరుసలో పెట్టి చూద్దాం. ఈ అంశంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే.

2021 జనవరిలో జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం గలతియా బే అభయారణ్యం హోదా తీసేయడానికి ఒప్పుకుంది. లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ తీరంలోనే, ఓడరేవు ప్రతిపాదించిందీ అక్కడే. అదే ఏడాది మార్చిలో ముందస్తు సాధ్యాసాధ్యాల నివేదిక, డిసెంబర్‌లో ముసాయిదా ఈఐఏ వచ్చాయి. ఈఐఏ తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన విమ్టా ల్యాబ్స్. కాంప్‌బెల్ బేలో బహిరంగ విచారణ జరిగింది మాత్రం 2022 జనవరి 27న.

అంటే తీరం ఎంపికైంది, అభయారణ్యం హోదా పోయింది, కంటెయినర్ పోర్టు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ అన్నీ మ్యాప్ మీదికి ఎక్కాయి, ఆ తర్వాత ఏడాదికి జనాన్ని అడిగారు. ఇది ఒక్క నికోబార్ కథ కాదు. 2006 ఈఐఏ నోటిఫికేషన్ కట్టిన తీరే అది: స్క్రీనింగ్, స్కోపింగ్, ప్రజా సంప్రదింపులు, మదింపు. జనం వంతు మూడోది. విచారణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, వీడియో తీయాలి, మినిట్స్ రాయాలి. కోరం మాత్రం అక్కర్లేదు. ఎంతమంది వ్యతిరేకించారన్నది నిర్ణయాన్ని కట్టిపడేయదు. ఏ ప్రాజెక్టు అయినా ఆ దశలో మార్పులు చేయొచ్చు, షరతులు పెట్టొచ్చు. "వేరే ఏదైనా ఆలోచించారా" అని అడిగే సమయం మాత్రం అప్పటికే దాటిపోయి ఉంటుంది.

అటవీ హక్కుల చట్టం దారి వేరు. అందులో గ్రామసభ సమ్మతి ఉండాలి. 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ గనిని తిరస్కరించడం మనం చదివాం. మన సమతా తీర్పు (1997) కూడా గుర్తుంటుంది, కానీ దాన్ని ఇక్కడ వాడేటప్పుడు జాగ్రత్త. అది ఐదో షెడ్యూల్ ప్రాంతానికి సంబంధించినది. అండమాన్ నికోబార్ ఐదో షెడ్యూల్‌లోనూ లేదు, ఆరో షెడ్యూల్‌లోనూ లేదు. పెసా వర్తించదు. 240వ అధికరణం కింద రాష్ట్రపతి రెగ్యులేషన్లతో పాలన సాగుతుంది. చాలామంది మెయిన్స్ జవాబుల్లో ఇక్కడే పొరబడతారు.

మరి గ్రేట్ నికోబార్‌లో గ్రామసభ ఎవరిది? పంచాయతీలు ఉన్నవి స్థిరనివాసుల ప్రాంతంలో: కాంప్‌బెల్ బే, గోవింద్‌నగర్, లక్ష్మీనగర్. నికోబారీలకు ఉన్నది ట్రైబల్ కౌన్సిల్. 2022 ఆగస్టులో ఆ కౌన్సిల్ నిరభ్యంతర పత్రం ఇచ్చింది. అక్టోబర్ 27న దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమి మళ్లింపుకు మొదటి దశ అనుమతి, నవంబర్ 11న పర్యావరణ అనుమతి వచ్చాయి. నవంబర్ 22న కౌన్సిల్ ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు లేఖ రాసింది. సునామీకి ముందు తాము ఉన్న ఊళ్ల భూమి కూడా ఇందులో పోతుందని తమకు చెప్పలేదని అందులో ఫిర్యాదు. మధ్యలో మూడు నెలలు గడిచాయి, అప్పటికి అనుమతులు రెండూ చేతికొచ్చేశాయి.

ప్రభుత్వ వాదనను కూడా న్యాయంగా రాయండి. మన ట్రాన్స్‌షిప్‌మెంట్ సరుకులో అధిక భాగం కొలంబో, సింగపూర్, క్లాంగ్ రేవుల మీదుగా పోతోంది. గలతియా బే అంతర్జాతీయ ఓడల దారికి చాలా దగ్గర. షోంపెన్లను కదిలించబోమని ప్రభుత్వం చెబుతోంది. గిరిజన రిజర్వ్‌లోంచి 73.07 చదరపు కిలోమీటర్లు తీసి, 76.98 కొత్తగా కలుపుతామనీ, నికరంగా రిజర్వ్ పెరుగుతుందనీ లెక్క చూపిస్తోంది. లెక్క కరెక్టే. కానీ కొబ్బరితోట, తాతల సమాధులు ఉన్న ఊరు చదరపు కిలోమీటర్లలో మారకం అవుతుందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని ఆ పట్టికలో ఎక్కించే గడి లేదు.

ఒకసారి కట్టాక వెనక్కి తీయడం ఎంత కష్టమో తెలియాలంటే ఉత్తరాన అండమాన్ ట్రంక్ రోడ్డును చూడండి. జారవాల రిజర్వ్ గుండా వెళ్లే భాగాన్ని మూసేయమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత కూడా బస్సులు, లారీలు కాన్వాయ్‌లుగా ఆ దారిలోనే నడిచాయి.

గ్రేట్ నికోబార్ అనుమతుల మీద 2023 ఏప్రిల్‌లో ఎన్‌జీటీ జోక్యం చేసుకోకుండా, కొన్ని అంశాలను మళ్లీ చూడమని ఉన్నతాధికార కమిటీని వేసింది. పాత ఊళ్లకు పోతామన్న నికోబారీల అర్జీ సునామీ నాటిది, ఈ కమిటీ కన్నా పద్దెనిమిదేళ్లు పెద్దది.