పెన్న దాటి పోయిన సైకిళ్లు

సైకిలు మీద ఒక్కడే దేశం చుట్టిన మనిషిని నువ్వెప్పుడైనా చూశావా తాతా అని అడిగావు గదరా చిన్నోడా. చూశాను. వాళ్ల సైకిళ్లు ఈ చేతుల్తో బాగుచేశాను గూడా. ఆ మంటలో ఇంకో రెండు సరుగుడు కట్టెలు ఎయ్యి, చెప్తాను. అమ్మాయ్, నువ్వూ ఇటు జరుగు, రామతీర్థం కాడి సముద్రపు గాలి తిరిగి పొగంతా నీ మొహానికే కొడుతుండాది.

ఇప్పుడు మీరు హైవే అంటుండారే, 16 నంబరుది, దాన్ని మేం ట్రంకు రోడ్డు అనేవాళ్లం. మద్రాసు నించి కలకత్తా దాకా పొయ్యే రోడ్డు. ఇప్పటి మాదిరి ఊళ్లను పక్కకు తోసేసి పొయ్యేది కాదు, ఊరి నడిమధ్యలో నించి పొయ్యేది. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, నెల్లూరు, పెన్న దాటగానే కోవూరు. దక్షిణాది నించి ఉత్తరాదికి ఆ రోడ్డున పోవాలంటే కోవూరు సెంటరు తొక్కాల్సిందే. ఆ సెంటర్లోనే మా మామ సైకిలు షాపు. నాకు మీసం మొలవకముందే అందులో చేరాను.

సైకిలంటే అప్పుడు పెద్ద ఆస్తి. రాలీ, హంబరు, ఫిలిప్స్ బళ్లు దొరల దేశం నించి వచ్చినవి. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో ఫ్యాక్టరీ పెట్టి హెర్క్యులస్ సైకిళ్లు చెయ్యడం మొదలుపెట్టినాక మామూలు రైతు గూడా కొనగలిగాడు. కొనలేనివాడికి బాడుగ సైకిళ్లు ఉండేవి. గంటకింతని లెక్క, నోటుబుక్కులో పేరు, ఊరు, టైము రాసుకొని ఇచ్చేవాళ్లం. సైకిలుకు పన్ను కట్టి రేకుబిళ్ల తగిలించుకోవాలి. రాత్రిపూట దీపం లేకుండా పోతే పోలీసాయన ఆపి గాలి తీసేసేవాడు. అట్టా గాలి పోయిన బళ్లు నెట్టుకుంటా మా షాపుకే వచ్చేవాళ్లు.

ఆ రోజుల్లో సైకిలు మాట వస్తే మా నాయన ముందు ఒక్క పేరే చెప్పేవాడు, పుచ్చలపల్లి సుందరయ్యగారి పేరు. యాడో పుట్టిన మనిషి కాదు, మన విడవలూరు పక్కన అలగానిపాడు ఆయనది. 1913 మే 1న పుట్టాడు. భూమి, పుట్ర ఉండే ఇల్లు. పేరు సుందరరామిరెడ్డి అయితే, పేరు చివరి కులం తీసేసి సుందరయ్య అయ్యాడు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతా 1930లో చదువొదిలి ఉప్పు సత్యాగ్రహానికి పోయి జైలుకెళ్లాడు. తిరిగొచ్చి ఊళ్లో వ్యవసాయ కూలీలకు సంఘం పెట్టాడు. దక్షిణాదిలో కమ్యూనిస్టు పార్టీ కట్టే పని మీద ఎన్నేళ్లు తిరిగాడో! రైలుంటే రైలు, లేకపోతే కాళ్లు, లేకపోతే సైకిలు.

మా నాయన చెప్పిన మాట ఇది. సుందరయ్యగారు సైకిలు దిగి పొలం గట్టు మీద నిలబడితే నాట్లేసే ఆడోళ్లు బెదరకుండా మాట్లాడేవాళ్లంట. కూలి ఎంతిస్తుండారు, కొలత గింజలు సరిగ్గా కొలుస్తుండారా లేదా, పిల్లోళ్లు బడికి పోతుండారా, అన్నీ అడిగేవాడంట. కారులో వచ్చుంటే ఆ ఆడోళ్లు కొంగు కప్పుకొని చాటుకు పొయ్యేవాళ్లు. నేను దాన్ని నమ్ముతాను. బండి తుడిచేటప్పుడు నేనూ అంతే చూశాను, సైకిలు దిగినవాడితో ఎవరైనా మాట్లాడతారు.

1952లో ఆయన రాజ్యసభకు పోయాడు. ఢిల్లీలో పార్లమెంటుకు గూడా సైకిలు మీదే పోయాడు. తర్వాత 1955లో గన్నవరం నించి గెలిచి, హైదరాబాదులో ప్రతిపక్ష నాయకుడిగా ఉండి గూడా అసెంబ్లీకి సైకిలే. దేశమంతా ఆ సంగతి చెప్పుకుంది. పేపర్లో ఆ ముచ్చట పడిన రోజు మా మామ ఆ కాగితం షాపు గోడకు అన్నం మెతుకులతో అంటించాడు. చాన్నాళ్లు ఉండింది అది. గ్రీజు చేతులు తగిలి నల్లబడినాక గూడా తియ్యనియ్యలా.

సరే, నువ్వడిగింది దూరాలు పోయినవాళ్ల గురించి గదా.

అట్టాంటివాళ్లు చానామంది మా ముందు నించే పోయారు. హ్యాండిలుకు ముందు ఒక రేకు బోర్డు, దాని మీద తెల్ల పెయింటుతో ఊరి పేర్లు. వెనక క్యారేజీ మీద దుప్పటి చుట్ట, చిన్న పెట్టె. పెట్టెలో లావుపాటి నోటుబుక్కు. పోయిన ఊళ్లో ప్రెసిడెంటు దగ్గరో, పోస్టాఫీసులోనో, పోలీసుస్టేషన్లోనో సంతకం, ముద్ర వేయించుకొనేవాళ్లు. నేనిక్కడి దాకా వచ్చాను అనడానికి అదే సాక్ష్యం.

ఒకాయన మాత్రం నా కళ్లలో నిలిచిపోయాడు. బెజవాడలో ప్రకాశం బ్యారేజి మీద రాకపోకలు మొదలై కొన్నేళ్లయింది అప్పటికి. ఆయన కన్యాకుమారి నించి బయల్దేరి కలకత్తా పోతుండాడు. భాష రాదు. హైస్కూలు హెడ్మాస్టరుగారు వచ్చి ఇంగిలీషులో మాట్లాడి మాకు చెప్పారు. ఫ్రీవీలు పోయింది ఆయనకి. పెడలు తొక్కితే ఉత్తినే తిరుగుతుండాది గాని చక్రం కదలదు. నాయుడుపేట ఇవతల నించి ఎక్కువభాగం నెట్టుకుంటానే వచ్చాడంట.

మామ ఆ సైకిలుని తలకిందులుగా నిలబెట్టి ముందు చక్రం తిప్పాడు. రిమ్ము మీద వేలి గోరు ఆనించి చూస్తా ఉండాడు. చక్రం తిరిగినంతసేపూ గోరు ఒకే తీరున గీసుకుంటా పోయింది, యాడా ఎగరలా. అంత దూరం వచ్చిన చక్రంలో వంకర లేదు! స్పోకులు ఒక్కొక్కటీ మీటి చూశాడు, ఒక్కటీ వదులు లేదు. వెనక టైరు మాత్రం అరిగి నూలు బయటపడింది, లోపల పాత టైరు ముక్క వేసుకొని నెట్టుకొచ్చాడు. చైనుకు దుమ్ము లేదు. సీటు తోలు అద్దం మాదిరి నున్నగా మెరుస్తుండాది. మామ నన్ను పిలిచి, "ఇదిగో, ఈ మనిషి కలకత్తా చేరతాడు" అన్నాడు. ఎట్టా చెప్తావు మామా అంటే, "గుంట కనపడితే దిగి నడిచిన మనిషిరా. రాత్రి పడుకొనేముందు బండి తుడుచుకున్న మనిషి. తొందరపడేవాడి రిమ్ము ఇట్టా ఉండదు" అన్నాడు.

ఇంత వయసొచ్చినాక గూడా నేను దేశం దాటే సైకిలు గురించి చెప్పేది ఇదే. కండ బలం చూసి మురిసిపోవద్దు. మద్రాసు నించి బాణం మాదిరి దూసుకొచ్చి, మీసాలు మెలేసి, ఒంగోలు దాటకముందే సైకిలుని లారీ మీదికెక్కించి ఇంటికి పోయినవాళ్లను చూశాను. రోజూ ఒకే తీరుగా తొక్కి, దాహం కాకముందే నీళ్లు తాగి, బండికి నూనె వేసి, దారి అడిగి కనుక్కొని పొయ్యేవాడే చేరతాడు.

మామ ఆయనకు గాలి సంగతి గూడా చెప్పాడు. మన సముద్రపొడ్డున కార్తీకం, మార్గశిరం నెలల్లో ఈశాన్యం నించి గాలి వస్తుంది. ఉత్తరానికి పొయ్యేవాడికి అది ఎదురు. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి ఊపందుకుంటుంది. కాబట్టి కోడి కూతకు ముందే బయల్దేరి, ఎండ ముదిరేలోపల రోజుటి దూరంలో ముప్పాతిక తొక్కెయ్యి, తర్వాత చెట్టు కింద పడుకో అన్నాడు. ఆయన అది నోటుబుక్కులో రాసుకున్నాడు. గోదావరి ఎట్టా దాటాలి అని అడిగాడు. అప్పుడు రాజమండ్రి కాడ ఉండేది రైలు వంతెనొకటే, రోడ్డు వంతెన 1974 దాకా రాలా. సైకిలుని లాంచీ ఎక్కించి దాటించాలని చెప్పాం.

ఆ రాత్రి షాపు బల్ల మీదే పడుకున్నాడు. మా అత్త అన్నం, చేపల పులుసు పంపితే వేళ్లు నాక్కుంటా తిన్నాడు. పొద్దున ఫ్రీవీలు డబ్బులు తీసుకున్నాడు మామ, కూలి తీసుకోలా. కొన్ని వారాలకి పోస్టుకార్డు వచ్చింది. హెడ్మాస్టరుగారు చదివి చెప్పారు. హౌరా వంతెన దాటాను, ఫ్రీవీలు బాగుంది, అని రెండే ముక్కలు.

ఆ హెడ్మాస్టరుగారే మాకు బిమల్ ముఖర్జీ కథ చెప్పారు. బెంగాలీ ఆయన. 1926 డిసెంబరులో కలకత్తా నించి నలుగురు కుర్రాళ్లు సైకిళ్ల మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరారు. ఒక్కొక్కరే విడిపోగా, చివరికి ఒంటరిగా తిరిగి 1937లో ఇల్లు చేరాడాయన. చేతిలో డబ్బు లేక దేశదేశాల్లో దొరికిన పనల్లా చేసి, ఆ డబ్బుతో ముందుకు పోయాడు. తర్వాత దాన్ని బెంగాలీలో పుస్తకంగా గూడా రాశాడు. ఆయనకంటే ముందే 1923లో బొంబాయి పార్శీ కుర్రాళ్లు ఆరుగురు బయల్దేరితే, 1928లో ముగ్గురు చుట్టి వచ్చారు. మన దేశం బానిసగా ఉన్న రోజులవి. తెల్లోడి కింద ఉండే దేశం నించి కుర్రాళ్లు పెడలు తొక్కుకుంటా పోయి ప్రపంచం చూసొచ్చారంటే, మాకు రొమ్ము ఉప్పొంగేది.

ఇంకోటి చెప్పాలి, మీ తరం చూడనిది. ఊళ్లోకి సైకిలు తొక్కేవాడు వచ్చేవాడు. బడి ముందు ఖాళీ స్థలంలో గుండ్రంగా తాడు కట్టి, మధ్యలో గుంజ పాతి, దానికి మైకు, రంగు కాగితాలు. రాత్రీ పగలూ కాలు కింద పెట్టకుండా తిరిగేవాడు, మూడ్రోజులు, అయిదు రోజులు, వారం గూడా. తినేది సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే, గడ్డం గీయించుకొనేది గూడా దాని మీదే. జనం రూపాయి నోట్లు చొక్కాకు గుండుసూదితో గుచ్చేవాళ్లు. మూడో రాత్రికి కళ్లు మూతలు పడుతుంటే కుర్రాళ్లం పక్కన నడుస్తా మాటలు చెప్పి మెలకువగా ఉంచేవాళ్లం. ఆ మనిషి తొక్కిన దూరమంతా వరసగా పరిస్తే మద్రాసు దాటేది. పొట్ట కోసం బడి ముందరే తిరిగాడు గాని, వాడిలో ఉండే సత్తువ కన్యాకుమారి నించి కలకత్తా పోయిన ఆయనకు తీసిపోయేది కాదు. వాడి నోటుబుక్కులో ఏ ప్రెసిడెంటూ ముద్ర వెయ్యలా, వాడి పేరు ఏ పేపర్లోనూ పడలా. నాకు ఇప్పటికీ అది బాధే.

మా రోజుల్లో ఆడపిల్ల సైకిలెక్కితే నలుగురూ నాలుగు మాటలు అనేవాళ్లు. ఆ తర్వాత బడికి పొయ్యే ఆడపిల్లలకు గవర్నమెంటే 'బడికొస్తా' పథకం కింద సైకిళ్లు పంచింది. మీ అక్క విడవలూరు హైస్కూలుకు ఆ సైకిలు మీదే గదా పోయింది. ఇప్పుడు చూడండి, పూణె నించి ప్రీతి మస్కే అనే ఆవిడ, ఇద్దరు బిడ్డల తల్లి, ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, కలకత్తాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్డు, సుమారు 6,000 కిలోమీటర్లు, 2021లో ఇరవైనాలుగు రోజుల్లో తొక్కేసింది. ఆ రోడ్డంటే యాడో కాదు, మన నెల్లూరు మీదుగా పొయ్యేదే. మధ్యప్రదేశ్ ఆశా మాలవీయ అనే పిల్ల 2022 నవంబరులో భోపాలు నించి ఒక్కతే బయల్దేరి, ఆడోళ్ల భద్రత గురించి చెప్పుకుంటా దేశమంతా తిరిగింది. మన ఆంధ్రాకూ వచ్చింది. ఒంటరి ఆడపిల్లకు ఈ దేశంలో దారి ఉంది అని నోటితో చెప్పడం కాదు, తొక్కి చూపించింది. మన హైదరాబాదులో ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోయినా సైకిలొదల్లా. తన మాదిరి వాళ్లకు నేర్పడానికి సంస్థ గూడా పెట్టాడు.

రోడ్డు మాత్రం మారిపోయింది. నాలుగు వరసలు, అద్దం మాదిరి తారు. కాని కోవూరు సెంటరు, సూళ్లూరుపేట బజారు పక్కకు పోయాయి. పోతా పోతా సైకిలు ఆపితే రిమ్ము చూసి చెప్పే షాపు లేదు. మోటారు బైకు పంక్చరు వేసేవాడు ఉంటాడు గాని, వాడి దగ్గర సైకిలు ట్యూబు ఉండదు. పక్కనించి లారీలు, కార్లు పొయ్యే ఊపుకు ఆ గాలే తోసేస్తుంది. దూరం పొయ్యేవాడికి ఎదురుగాలి కంటే వెనక నించి వచ్చే బండి భయం ఇప్పుడు.

నీకూ పోవాలనుంది గదరా చిన్నోడా, నీ మొహం చూస్తేనే తెలుస్తుంది. పో. కాని ముందు రిమ్ము బిగించడం, ట్యూబు అతకడం, ఫ్రీవీలు మార్చడం నీ చేత్తో నేర్చుకో. నేను నేర్పుతాను. పోవాలనే కోరిక లేని మిగతా పిల్లలకు గూడా ఒక మాట. మీరు హైవే మీద కారులోనో బండిమీదో పోతుంటే, బోర్డు కట్టుకొని ఒంటరిగా తొక్కుతా పొయ్యే మనిషి కనపడితే వెనక నించి హారను కొట్టి బెదరగొట్టబాకండి. దూరంగా జరిగి దాటండి. ముందుకు పోయి నీడన ఆపి, నీళ్ల బాటిలివ్వండి. యాడి నించి వస్తుండాడో, యాడికి పోతుండాడో అడగండి. ఆకలైతే ఇంటికి పిలవండి. మన కోవూరు రోడ్డు మీద అట్టాంటి మనిషి ఏనాడూ ఆకలితో పోలా.