సమితి రోజుల నుంచి సారా ఉద్యమం దాకా

గ్రామాభివృద్ధి చరిత్ర మీద మన ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. 1974లో పంచాయతీ సమితిలో గుమాస్తాగా చేరి, 2008లో మండల పరిషత్తులో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. చరిత్రకారుణ్ణి కాను, ఫైళ్లు మోసినవాణ్ణి. ఆ హద్దులోనే రాస్తున్నాను.

1952 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు, దేశంలో 55 చోట్ల సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకుకు ఒక బి.డి.ఓ., ఆయన కింద వ్యవసాయం, పశుపోషణ, సహకారం చూసే విస్తరణాధికారులు, సుమారు పది ఊళ్లకు ఒక గ్రామసేవక్. ప్రజలు తమ పని తాము చేసుకుంటుంటే ప్రభుత్వం తోడుండాలన్నది ఉద్దేశం. జరిగింది తలకిందులు. ప్రభుత్వం పని చేస్తుంటే ప్రజలు దండలు పట్టుకుని నిలబడ్డారు. ఊరి చొరవను ఈ పథకం లేపలేకపోయిందని బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లోనే చెప్పి, ఎన్నికైన సంస్థల చేతికి పని అప్పగించమంది. రాజస్థాన్ వెనువెంటనే 1959లో మన రాష్ట్రం ఆ దారి పట్టింది. షాద్‌నగర్‌లో నెహ్రూ గారు పంచాయతీ రాజ్‌ను ప్రారంభించారు.

నేను చేరేనాటికి సమితి అధ్యక్షులు ఉన్నారు, సమావేశాలు ఉన్నాయి, తీర్మానాల పుస్తకం ఉంది. టార్గెట్లు మాత్రం పైనుంచే దిగేవి. ఆ సంగతి మన మిత్రులకు నేను చెప్పాలా?

1980ల్లో పొగలేని పొయ్యిల పథకం వచ్చింది. ఉద్దేశాన్ని తప్పుపట్టలేను. మా అమ్మ కళ్లు పొగకే పోయాయి. పొయ్యికి రెండు కళ్లు, పొగ బయటికి పోవడానికి కప్పులోంచి గొట్టం. ఒకరోజు గ్రామసేవక్‌తో కలిసి ఒక ఊరు వెళ్లాను. నలుగురి ఇళ్లలో చూస్తే నాలుగు పొయ్యిలూ పగిలి ఉన్నాయి. ఒక ముసలమ్మ నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. సంగటి కుండ ఆ పొయ్యి కంటి మీద కుదురుగా నిలవదట. పైగా తాటాకు ఇల్లు. "ఆ గొట్టంలోంచి నిప్పురవ్వ ఎగిరి కప్పు అంటుకుంటే నీ పుస్తకం వచ్చి ఆర్పుద్దా నాయనా?" అంది. పొయ్యి పెట్టకముందు ఆమెను ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు. మార్చి 31 దగ్గర పడింది. పగిలినవాటిని రిజిస్టరులోంచి తీసేద్దామని గ్రామసేవక్ అన్నాడు. పెట్టినవి పెట్టినట్టే లెక్క అని పైవారు అన్నారు. నేను మొత్తం వేశాను. నూటికి నూరు శాతం.

1986లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. బోర్డులు మారాయి. నేను నెల్లూరు జిల్లాలోనే ఉన్నాను, అందువల్ల 1992ను దగ్గరగా చూశాను. అక్షరాస్యత కార్యక్రమం కూడా పైనుంచి వచ్చిందే. మాకు అదీ ఒక టార్గెటే, ఎన్ని కేంద్రాలు, ఎంతమంది హాజరు అని. కానీ వాచకంలో తాగుడు మీద పాఠాలు ఉన్నాయి. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ ఊరూరా పాకింది. రాత్రి బడికి వచ్చినవాళ్లు పగలు సారా పాటలు జరిగే చోటికి వచ్చి కూర్చున్నారు. పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. మా నెలవారీ ప్రగతి నివేదికలో దీనికి కాలమ్ లేదు. హాజరు తగ్గిందని ఒక కేంద్రానికి సంజాయిషీ నోటీసు టైపు చేసింది నేనే. ఆ కేంద్రం వాళ్లంతా దుకాణం ముందు కూర్చున్నారని తరువాత తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఖజానాకు ఆ ఆదాయం కావలసి వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు. అయినా రోజుకు రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు నెల్లూరు ఆడవాళ్లలో నిలిచిపోయాయి.

కిందనుంచి వచ్చిందల్లా మంచిదని నేను అనను. ఊరు అంటే అందరూ కాదు. గ్రామసభలో దళితవాడ వారు వెనక నిలబడే ఉండటం చాలాసార్లు చూశాను. ఇక మశూచి టీకాలు ఊరి తీర్మానం కోసం ఆగి ఉంటే, 1975 తరువాత దేశంలో ఆ జబ్బు లేకుండా పోయేదా? కొన్ని పనులు పైనుంచే రావాలి. సంగటి కుండ కొలత మాత్రం వండే మనిషినే అడగాలి.

1997లో జన్మభూమి వచ్చింది. ప్రజల భాగస్వామ్యం అన్నారు. అది కూడా తేదీలు వేసి పైనుంచి వచ్చిన సర్క్యులర్‌తోనే! దరఖాస్తులు బస్తాల కొద్దీ వచ్చాయి. వాటికి నంబర్లు వేయడంతోనే మా పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

పదవీ విరమణకు ముందు పాత రికార్డుల తొలగింపు జాబితా తయారు చేయించాను. అందులో పొయ్యిల రిజిస్టరు బయటపడింది. మూడో కాలమ్ అంతా నా చేతి అంకెలే. కాసేపు పేజీలు తిప్పాను. పక్కనున్న జూనియర్ అసిస్టెంటు "ఇది కూడా రాయమంటారా సార్?" అని అడిగాడు. రాయమన్నాను.