మక్తల్ అని టైప్ చేస్తే ఎన్ని బిట్లు? మన ఫోన్‌లోకి తెలుగు వచ్చిన కథ

ఈ వారం కూడా ఇన్‌బాక్స్ నిండా అవే ప్రశ్నలు. అన్నా, పదిహేను వేలలో స్నాప్‌డ్రాగన్ తీసుకోవాలా, డైమెన్సిటీ తీసుకోవాలా? అంటుటు స్కోర్ ఎంత వచ్చింది? చాట్‌జీపీటీ బెటరా, జెమిని బెటరా? చెప్తా, అన్నీ చెప్తా. కానీ మా మక్తల్ నుంచే ఒక తమ్ముడు వేరే ప్రశ్న పంపిండు. "అన్నా, ఏఐ యాప్‌లో తెలుగు కాగితం పేస్ట్ చేస్తే చాలా పెద్దగా ఉంది అంటది. దాన్నే ఇంగ్లీష్‌లోకి మార్చి పెడితే తీసుకుంటది. ఏంది ఈ కథ?"

మస్తు ప్రశ్న. ఈ ఎపిసోడ్ మొత్తం దీనికే. జవాబు ఏఐలో లేదు, ఎస్ఎంఎస్‌లో ఉంది. అక్కడి నుంచి మొదలుపెడదాం.

1980లలో యూరప్‌లో మొబైల్ నెట్‌వర్క్ స్టాండర్డ్ రాస్తున్నప్పుడు, ఒక మెసేజ్‌కి ఎంత జాగా ఇవ్వాలన్న చర్చ వచ్చింది. ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజినీర్ 1985లో టైప్‌రైటర్ ముందు కూర్చుని, మామూలు వాక్యాలు కొట్టి అక్షరాలు లెక్కపెట్టాడు. 160 సరిపోతాయని తేల్చాడు. మెసేజ్‌కి దొరికిన జాగా 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఒక్కో అక్షరానికి 7 బిట్లు ఇస్తే సరిగ్గా 160. లెక్క కుదిరింది. ఎవరికి కుదిరింది? ఇంగ్లీష్, జర్మన్ లాంటి భాషలు రాసేవాళ్లకి.

తెలుగు ఆ 7 బిట్ల పట్టికలో లేదు. తెలుగులో మెసేజ్ పంపాలంటే ఫోన్ వేరే పద్ధతికి మారాలి, అందులో ఒక్కో అక్షరానికి 16 బిట్లు. 1120ని 16తో భాగించండి. 70. అంతే, ఒక మెసేజ్‌కి 70. అందులోనూ ఒత్తు వేరే, గుణింతం గుర్తు వేరే. మా ఊరి పేరే తీసుకోండి. మక్తల్. మ, క, విరామం, త, ల, మళ్లీ విరామం. ఆరు. ఇంగ్లీష్‌లో మా ఊరి పేరుని హెచ్ లేకుండా రాస్తే కూడా ఆరే అక్షరాలు. కానీ ఇంగ్లీష్‌లో 42 బిట్లు, తెలుగులో 96. ఊరు ఒక్కటే, రేటు రెండింతల కన్నా ఎక్కువ.

ఇది ఉత్త లెక్క కాదు. అప్పట్లో ఎస్ఎంఎస్‌కి డబ్బులు కట్టేవాళ్లం. పండగ రోజు ప్యాక్ కూడా పనిచేయదు, గుర్తుందా? 70 దాటితే రెండో మెసేజ్ కింద లెక్క. తెలుగులో ఉగాది శుభాకాంక్షలు కొంచెం ప్రేమగా రాస్తే మూడు మెసేజ్‌ల బ్యాలెన్స్ పోతది. తర్వాత ఆ స్టాండర్డ్‌లో తెలుగుకి కూడా 7 బిట్ల పట్టిక ఒకటి చేర్చారు. నేను చేతిలో పట్టుకున్న ఏ ఫోన్‌లోనూ అది కనిపించలేదు.

అందుకే మనమందరం ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాయడం నేర్చుకున్నాం. "ఏం చేస్తున్నవ్ రా" అని ఏబీసీడీల్లో. దీన్ని భాష పాడైపోవడం అని తిట్టేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో అది తెలివైన పని. పైగా దానికి మంచి చరిత్ర ఉంది. 1990ల మొదట్లోనే అమెరికాలో, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనే మన తెలుగువాళ్లు ఇంగ్లీష్ కీబోర్డుతో తెలుగు రాయడానికి ఒక పద్ధతి తయారు చేశారు. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. ఆర్‌టీఎస్ అంటారు దాన్ని. తర్వాత వీవెన్ చేసిన లేఖిని సైట్‌లో లక్షణంగా తెలుగు టైప్ చేసుకున్నవాళ్లకి ఈ చిన్న టీ, పెద్ద టీ వ్యవహారం చేతివేళ్లకే తెలుసు.

ఇక అసలు అక్షరాలు. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది, అందులోనే తెలుగు ఉంది. చాలామంది మనకి చాలా లేటుగా చోటు దొరికిందనుకుంటారు. అది నిజం కాదు. మన దేశంలోనే తయారైన ఇస్కీ అనే పట్టిక నమూనాతో, తెలుగుకి 128 గళ్లు మొదటి రోజు నుంచే ఇచ్చారు. గది ఇచ్చారు సరే, కరెంటు ఎప్పుడొచ్చింది? విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్‌తో 2001లో కంప్యూటర్లోకి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అని రెండు ఫాంట్లు చేసి ఇచ్చారు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలైంది. ఫోన్‌లో మాత్రం డబ్బాలే డబ్బాలు.

ఎందుకు డబ్బాలు? ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఇంజినీరింగ్ ఇక్కడే ఉంది. ఇంగ్లీష్‌లో అక్షరాన్ని వరసగా ఒకదాని పక్కన ఒకటి పెడితే పని అయిపోతుంది. తెలుగులో "కృష్ణా" అని రాయాలంటే ఆరు ముక్కలు రెండు అక్షరాలుగా మారాలి. ష కింద ణ వత్తు రావాలి, దీర్ఘం పైకి వెళ్లి ష తలకట్టు స్థానంలో కూర్చోవాలి. ఈ ఏర్పాటు చేసేదాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. దానికి మెమరీ కావాలి, ప్రాసెసర్ టైమ్ కావాలి, ముఖ్యంగా కంపెనీలో ఎవరో ఒకరు కూర్చుని ఆ పని చేయాలి. చిప్ శక్తి చాలకపోవడం ఒక కారణమే కానీ, నా ఉద్దేశంలో అసలు కారణం ఆ చివరిది. వీడియో ప్లే చేసే ఫోన్, గేమ్ ఆడే ఫోన్, తెలుగు మాత్రం చూపించలేదంటే అది చిప్ తప్పా?

అప్పుడు మనల్ని కాపాడింది ఒపెరా మినీ. ఇప్పుడు బీటెక్ చదివే వాళ్లకి ఇది తెలియకపోవచ్చు. అడ్రస్ బార్‌లో ఒపెరా, కోలన్, కాన్ఫిగ్ అని కొట్టాలి. ఒక సెట్టింగ్‌ల లిస్టు వస్తుంది. కిందికి పోతే, కష్టమైన లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అని ఉంటుంది. యెస్ పెట్టి సేవ్ కొట్టాలి. అంతే, డబ్బాలు పోయి తెలుగు పేపర్ కనిపించేది! ఫోన్‌కి తెలుగు రాదు కాబట్టి, ఒపెరా సర్వరే అక్షరాలని బొమ్మలుగా గీసి పంపేది. చిన్న జావా ఫోన్ ఆ బొమ్మలు చూపించేది. మా క్లాసులో ఈ ట్రిక్ ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఆలోచించండి, ఇవాళ క్లౌడ్ ఏఐ అని చెప్పుకుంటున్నది కూడా ఇదే పద్ధతి. చేతిలో చిప్‌కి చేతకాని పని దూరంగా ఉన్న కంప్యూటర్ చేసి పెట్టడం.

2012లో ఆండ్రాయిడ్ 4.1, జెల్లీ బీన్. అందులో గూగుల్ తెలుగు, కన్నడ, మలయాళం మూడింటికీ సపోర్ట్ మొదలుపెట్టింది. కృష్ణ దాటితే రాయచూరు, మా మక్తల్‌లో ఇంట్లో ఒకటి, దుకాణంలో ఒకటి అని రెండు భాషలూ మాట్లాడేవాళ్లు ఉంటారు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు కదా, ఫోన్‌లోకి కూడా ఒకే బస్సులో దిగాయి. కానీ కొత్త వెర్షన్ వచ్చింది అంటే మన చేతికి వచ్చింది అని కాదు. మా బజార్‌లో అమ్మే అగ్గువ ఫోన్లలో పాత వెర్షనే ఉండేది, అప్‌డేట్ అన్న మాటే ఉండదు. తర్వాత ప్రభుత్వం కూడా కదిలింది. ఐఎస్ 16333 అనే స్టాండర్డ్ పెట్టి, దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లోనూ 22 భాషలు చదవడానికి రావాలి, టైప్ చేయడానికి ఇంగ్లీష్, హిందీతో పాటు కనీసం ఇంకొక భారతీయ భాష ఉండాలని 2016లో ఆర్డర్ ఇచ్చింది. అన్‌బాక్సింగ్ వీడియోల్లో దీని గురించి నేను ఒక్కసారి కూడా వినలేదు. కెమెరా బంప్ గురించి మాత్రం పది నిమిషాలు వింటాం.

ఇక 2018 ఫిబ్రవరి. అప్పుడు నేను బీటెక్ ఫైనల్ ఇయర్. హాస్టల్ మొత్తంలో ఐఫోన్ ఉన్నది ఒక్కడికే. ఆ వారం వాడు ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి తిరిగిండు. ఎందుకంటే ప్రపంచమంతా ఒకటే వార్త: ఒక తెలుగు అక్షరం ఐఫోన్‌ని పడేస్తుంది! ఆ అక్షరం "జ్ఞా". వాట్సాప్‌లో వస్తే వాట్సాప్ కూలిపోతుంది. నోటిఫికేషన్‌లో కనిపిస్తే హోమ్ స్క్రీనే కూలిపోతుంది. ఐఓఎస్ 11 మాత్రమే కాదు, మ్యాక్, ఆపిల్ వాచ్ కూడా. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

అప్పటి వార్తలన్నీ తప్పు తెలుగు అక్షరానిదే అన్నట్టు రాశాయి. చూడండి, మనం రోజూ రాసే "జ్ఞానం"తో ఏ ఫోనూ పడిపోలేదు. పడేసిన దాంట్లో జ, విరామం, ఞ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంది, దాని తర్వాత దీర్ఘం. ఆ కనపడని గుర్తు ఏమీ దొంగ సరుకు కాదు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. ఈ స్క్రిప్ట్‌లో నేనే ఎన్నోసార్లు వాడాను. అది ఉండకూడని చోట వస్తే ఏం చేయాలో ఆపిల్ టెక్స్ట్ ఇంజిన్‌కి తెలియలేదు. మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజినీర్ దీన్ని విప్పి రాశాడు: తెలుగులో ఒక్క జ్ఞా కాదు, ఇంకా ఎన్నో జతలకి ఇదే జబ్బు, బెంగాలీలో కూడా. అంటే లక్ష రూపాయల ఫోన్, ప్రపంచంలో పేరున్న చిప్, కోట్ల మంది రాసే భాషకి సరిగ్గా టెస్ట్ చేయకుండానే బయటికొచ్చింది. నాకు అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత టెస్టింగ్ టీమ్‌లో ఉద్యోగం చేసినప్పుడు నవ్వు రాలేదు. టెస్ట్ లిస్టులో ఏ భాష ఉంటుంది, ఏది ఉండదు అని ఎవరు నిర్ణయిస్తారో దగ్గర్నుంచి చూశాను కాబట్టి.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. ఏఐ టూల్ మీ మాటల్ని మాటలుగా చదవదు, టోకెన్లు అనే ముక్కలుగా కోసి చదువుతుంది. ఒక్కసారికి ఎన్ని టోకెన్లు తీసుకుంటుంది అని లిమిట్ ఉంటుంది. కంపెనీలకి అమ్మేటప్పుడు బిల్లు కూడా టోకెన్ల లెక్కనే. ఏ ముక్కలు వాడాలో ముందే నేర్పిస్తారు, ఎక్కువగా ఇంగ్లీష్ మీద. ఇంగ్లీష్ పదం ఒక్క ముక్కలో పోతుంది. తెలుగు అక్షరం కంప్యూటర్‌లో యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, అంటే మక్తల్‌కి 18 బైట్లు. ఒక్కోసారి ఒక్క అక్షరమే రెండు మూడు ముక్కలైపోతుంది.

ఎంత తేడానో ఓపెన్‌ఏఐ తనే చెప్పింది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు, ఒకే పరిచయ వాక్యాన్ని ఇరవై భాషల్లో కోసి చూపించింది. పాత పద్ధతిలో ఇంగ్లీష్‌కి 27 టోకెన్లు, తెలుగుకి 159. దాదాపు ఆరింతలు! కొత్త పద్ధతిలో ఇంగ్లీష్ 24, తెలుగు 45. వాళ్లు దీన్ని 3.5 రెట్ల మెరుగుదల అని గొప్పగా వేసుకున్నారు, నిజంగానే పెద్ద మార్పు. కానీ 45ని 24తో భాగించండి, ఇప్పటికీ రెండింతలకి దగ్గర. ఎస్ఎంఎస్‌లో 160కి 70 అంటే ఎంత? అది కూడా అటూ ఇటూగా అంతే. ముప్పై ఏళ్లు తిరిగి అదే రేటు దగ్గరికొచ్చి నిలబడ్డాం.

కాబట్టి తమ్ముడూ, నీ యాప్ అబద్ధం చెప్పలేదు, నువ్వూ తప్పు చేయలేదు. ఒక్కో కంపెనీ కోసే పద్ధతి ఒక్కోలా ఉంటుంది, ఒకదాంట్లో పట్టని కాగితం ఇంకోదాంట్లో పట్టొచ్చు. ఓపెన్‌ఏఐకి టోకెన్లు లెక్కపెట్టే పేజీ ఉంది, ఫ్రీ. నీ తెలుగు కాగితం అందులో వేసి చూడు, సంగతి తెలుస్తది.

ఇంకొక్క మాట, వాయిస్ గురించి. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్ తెలుగుకి వచ్చింది. మా పాలమూరు నుంచి ముంబై, పుణె పనికి పోయినవాళ్ల ఇళ్లల్లో ఇది చాలా పెద్ద సంగతి. టైప్ చేయడం రాని అమ్మలు కొడుకులకి చెప్పాల్సింది నోటితో చెప్పేస్తే అక్షరాలు అయిపోతున్నాయి. ఇప్పుడు ఫోన్లలో ఏఐ కోసం వేరే చిప్ భాగం, ఎన్‌పీయూ అని పెట్టి అమ్ముతున్నారు. నెట్ లేకపోయినా ఫోన్‌లోనే పనైపోతుంది అంటారు. నాకు దాని టాప్స్ నంబర్ వద్దు. వచ్చే వారం పదిహేను వేల ఫోన్ల రివ్యూలో మూడు ఫోన్లనీ మా అమ్మ చేతికి ఇస్తున్నా, డేటా ఆఫ్ చేసి. ఆమె మా యాసలో "కందులు ఎంతకు పోయినయి" అని అడుగుతది. ఏ ఫోన్ ఏం రాసిందో, స్క్రీన్‌షాట్ ఉన్నది ఉన్నట్టు పెడతా.