మట్టి రాయి అయిన కథ

ఆవకాయను మనవారు కుండలో పెట్టరు, జాడీలో పెట్టుదురు. దీనికి కారణమున్నది. మామూలు కుండ నీటిని పీల్చుకొనును. అందువలననే వేసవిలో కుండనీరు చల్లబడును. ఊరగాయ విషయములో ఆ గుణమే దోషము. నూనెను పీల్చక, పులుపునకు చెడక నిలువవలెనన్నచో మట్టి రాయి కావలెను. అట్టి పాత్రలకే స్టోన్‌వేర్ అని పేరు.

తగిన మట్టిని 1200 మొదలు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చినచో అది లోలోపల కొంత కరగి, నీరు చొరని గట్టిదనము పొందును. చైనా కుమ్మరులు సుమారు 3,500 సంవత్సరముల క్రిందటనే ఇంతటి వేడిని కట్టెలతో సాధించినారు. ఆవములోని కట్టెబూడిద పాత్రలపై కరగి గాజువలె పరచుకొనును. ఆ బూడిదనే వారు పూతగా వాడుకొన్నారు.

ఐరోపాలో సామాన్యమైన మట్టిపాత్రలకు సీసపు పూత పూసెడివారు. పులుపు తగిలినచో ఆ సీసము ఆహారములో దిగును, అది విషము. సీసముతో పనిలేని పూత జర్మనీలో రైను నదీ ప్రాంతమున వెలసినది. 15వ శతాబ్దము నాటికి అక్కడి కుమ్మరులు, ఆవము పూర్తిగా వేడెక్కిన వేళ అందులో ఉప్పు చల్లుట నేర్చినారు. ఉప్పులోని సోడియము ఆవిరియై మట్టిలోని సిలికాతో కలిసి, నారింజతొక్కవలె సన్నని గరుకు గల గాజుపొర అగును. కొలోన్, ఫ్రెహెన్ కూజాలు ఇంగ్లండునకు విరివిగా ఎగుమతి అయినవి. 1672లో జాన్ డ్వైట్ పేటెంటు పొంది, లండను చెంతనున్న ఫుల్హామ్‌లో వీనిని చేయించినాడు. 19వ శతాబ్దములో లాంబెత్‌లోని డౌల్టన్ సంస్థ ఇదే పద్ధతిని మురుగునీటి గొట్టములు చేసినది.

కాని ఉప్పులో సోడియముతోపాటు క్లోరిను కూడ ఉన్నది. అది ఆవము నుండి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగగా వెలువడును. మురుగు నుండి నగరమును కాపాడిన గొట్టమే, తాను పుట్టుటకు నగరపు గాలిని చెరచినది. 1952 డిసెంబరులో బొగ్గుపొగతో కూడిన మంచు లండనును కమ్మి వేలమందిని బలిగొన్నది. 1956లో పరిశుభ్ర వాయు చట్టము వచ్చినది. ఆ సంవత్సరమే లాంబెత్ ఆవములు ఆరిపోయినవి.

విద్య మాత్రము ఆరిపోలేదు. 1970ల ప్రాంతమున అమెరికాలో కొందరు కుమ్మరులు ఉప్పునకు మారుగా చాకలిసోడాను, వంటసోడాను వాడిచూచినారు. వీనిలో క్లోరిను లేదు గనుక ఆమ్లపు పొగ లేదు. అయితే సోడా ఉప్పంత సులువుగా ఆవిరి కాదు. వేడినీట కరగించి ఆవములోనికి చిమ్ముట వాడుక. అది మంట నడచిన దారినే నడచును. తగిలిన వైపు మెరుపు, తగలని వైపు మట్టిరంగు. ఏ రెండు పాత్రలును ఒక్కతీరుగ రావు. కర్మాగారమునకు ఇది లోపము. చేతిపనివానికి ఇదే సొమ్ము.

మన దేశములో 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ అను ఇరువురు అమెరికనులు పాండిచేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని స్థాపించినారు. కట్టెలతో స్టోన్‌వేర్ కాల్చు పనిని అనేకులు అక్కడ నేర్చినారు.

సోడా వలన ఆమ్లపు పొగ పోయినది. కట్టెపొగ, కట్టె ఖర్చు మిగిలియే ఉన్నవి. పాత పనిని విడువకుండ అందలి కీడును మాత్రము విడుచుట ఒకనాటితో ముగియు కార్యము కాదు. ఆ బాధ్యత ప్రతి తరపు కుమ్మరికిని కొంత మిగులుచునే ఉండును.